మొదటి బేస్ వైపు చూపు

బంతి గ్లౌజులో ఉంది, గ్లౌజు పొట్ట దగ్గర ఉంది, ఎవేలియో కదలకుండా నిలబడి మొదటి బేస్ వైపు చూస్తున్నాడు. బేస్‌బాల్‌లో ఎడమచేత్తో బంతి వేసే పిచర్‌కి ఉన్న సుఖం అదొక్కటే, దిబ్బ మీద పక్కకి తిరిగి నిలబడితే మొదటి బేస్ తిన్నగా ఎదురుగా ఉంటుంది, కుడిచేతివాడిలా భుజం మీదుగా మెడ మెలితిప్పి వెతుక్కోనక్కర్లేదు. బేస్ వదిలి రెండో బేస్ వైపు కొన్ని అడుగులు జరిగి, మోకాళ్ళు వంచి, చేతులు వేలాడేసి నిలబడ్డాడు యోవాంద్రి, అవతలి జట్టువాడు, ఈ చుట్టుపక్కల అందరికంటే వేగంగా పరిగెత్తేవాడు. వాడి వెనక బేస్‌కి ఒక కాలు ఆనించి, పెద్ద గ్లౌజు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు ఒరేస్తెస్, ఎవేలియో అక్క మొగుడు, ఎన్నో ఏళ్ళుగా ఈ జట్టుకి మొదటి బేస్ కాస్తున్నవాడు. వాళ్ళ వెనక చెక్కబెంచీల స్టాండు, స్టాండు వెనక సైకిళ్ళ గుట్ట, దాని వెనక సరుగుడు చెట్లు, చెట్ల సందుల్లో సముద్రం. సముద్రం ఇవాళ నూనె పోసినట్టు నున్నగా ఉంది. దక్షిణం గాలి వెచ్చగా వీపుకి తగులుతోంది. ఇంత నున్నటి సముద్రం, మాఘమాసపు చలికాలంలో ఇంత వెచ్చటి గాలి, రెండూ ఒకేరోజు వస్తే నాన్న వలలు లోపల పెట్టించేవాడు.

ఏడో ఇన్నింగ్స్ మొదలు, ఎవేలియో జట్టు కలేటా ఓండా ఒక పరుగు ముందుంది, యోవాంద్రి రెండో బేస్ కొట్టెయ్యాలని చూస్తున్నాడు, వాణ్ణి కొట్టెయ్యనివ్వకుండా ఆపడం ఎవేలియో పని. పిచర్ బ్యాటర్‌కి బంతి వెయ్యడం మొదలెట్టిన క్షణానే రన్నర్ పరుగు లంకించుకుంటాడు, బంతి క్యాచర్ చేతికి వెళ్ళి అక్కణ్ణుంచి రెండో బేస్‌కి వచ్చేలోపు మట్టిలో జారుకుంటూ చేరిపోతాడు. కాబట్టి ఆ క్షణం ఎప్పుడో వాడికి తెలియనివ్వకూడదు. ఒకసారి బంతి అందుకున్న వెంటనే వేసెయ్యాలి, ఇంకోసారి స్టాండులో జనం తిట్టేదాకా పట్టుకునే ఉండాలి, వంగి నిలబడ్డవాడి తొడలు బరువెక్కి పరుగు వాటిలోంచి కారిపోయేదాకా. బ్యాటర్‌కి వేసినా మొదటి బేస్‌కి విసిరినా కుడిమోకాలు ఒకేలా లేవాలి, అది ఎటు దిగుతుందో దిగేదాకా ఎవడికీ అంతుపట్టకూడదు. అలాగని మరీ మోసం చెయ్యకూడదు, బ్యాటర్‌కి వెయ్యబోయి మధ్యలో ఆగాడంటే అంపైర్ రన్నర్‌కి ఊరికే ఒక బేస్ ఇచ్చేస్తాడు. ముందు ఒకటి రెండుసార్లు మొదటి బేస్‌కి చచ్చు విసురు విసరాలి, ముసలాడు మనవరాలికి నారింజపండు అందించినట్టు. ఇంతేనా వీడి చెయ్యి అనుకుని రన్నర్ ఇంకో అరడుగు జరుగుతాడు, అప్పుడు అసలుది విసరాలి. ఎవేలియో మీద రెండో బేస్ కొట్టినవాళ్ళని ఊళ్ళోవాళ్ళు పేర్లతో సహా చెబుతారు, అంత తక్కువమంది.

ఇదంతా చేతి పని, చేతి పని ఎవడైనా నేర్చుకుంటాడు. అసలు పని కళ్ళది. పోదామనుకున్నవాడి ఒళ్ళు వాడి నోటికంటే ముందే చెప్పేస్తుంది, ఎక్కడో ఒకచోట చెప్పేస్తుంది, బొటనవేలు మట్టిలో గుచ్చుకుంటుంది, బరువు ఎడమకాలి మీదినుంచి కుడికాలి మీదికి జారుతుంది, వేళ్ళు ఆడుతున్నవి ఆగిపోతాయి, వెళ్ళాల్సిన చోటుని ఒక్కసారి చూసి వెంటనే చూడనట్టు నటిస్తాడు. ఎవేలియో యోవాంద్రి కాళ్ళు చూశాడు, వేళ్ళు చూశాడు. వాడింకా తేల్చుకోలేదు, ఊరికే నోరు పారేసుకుంటున్నాడు. కానీ వాడి వెనక, బేస్‌ని అంటుకుని నిలబడి, ఎక్కడికీ పోనక్కర్లేని బావ ఒంట్లో అన్నీ ఉన్నాయి. గ్లౌజు ఇటు ఉంది, మడమ తేలిపోతోంది. ప్రతి బంతికీ మధ్య ఒకసారి సరుగుడు చెట్ల వైపు చూస్తున్నాడు, చూసి వెంటనే టోపీ సర్దుకుంటున్నాడు. గోక్కోవడం, ఉమ్మడం, రన్నర్ చెవిలో వాడి అమ్మమ్మ గురించి జోకులెయ్యడం, ఒరేస్తెస్ అంటే అవన్నీ, ఇవాళ ఏవీ లేవు. బెంచీ దగ్గర బకెట్టులో చక్కెర నీళ్ళు అందరూ ఒక గ్లాసు తాగితే అతను మళ్ళీ మళ్ళీ వెళ్ళి తాగాడు, దాహంతో కాదు, ఒంటె తాగినట్టు. ఆటగాళ్ళకిచ్చే రొట్టె తినకుండా కాగితంలో చుట్టి చొక్కాలో పెట్టుకున్నాడు. ఇంట్లో కూతురు పాపకేమో అనుకున్నాడు ఎవేలియో అప్పుడు. పాపకే. అక్కడే ఆగింది బుర్ర, పాపకే, కానీ ఎప్పటికి.

మోకాలు లేపి మొదటి బేస్‌కి విసిరాడు. చచ్చు విసురు. యోవాంద్రి నడుచుకుంటూ బేస్ మీదికొచ్చాడు. ఒరేస్తెస్ బంతి అందుకుని, వాడి మీద ఆనించాలన్న సంగతే మర్చిపోయి, వెనక్కి విసిరేశాడు.

"అన్నా, నేనంటే నీకు అంత ప్రేమేంటన్నా, నీ పెళ్ళాన్ని కూడా ఇన్నిసార్లు చూసుండవు," అన్నాడు యోవాంద్రి, స్టాండుకి వినబడేలా.

స్టాండు నవ్వింది. పగటిపూట స్టాండు, కరెంటు లేదు కాబట్టి దీపాల కింద ఆటలు ఆగిపోయాయి. రష్యా నుంచి చమురు రావడం మానేశాక క్యూబాలో అన్నీ పగటిపూటే జరుగుతున్నాయి, సగంమంది పనికెళ్ళకుండా వచ్చారు, సగంమందికి పనే లేదు. స్టాండులోకి వెళ్ళిన బంతిని కూడా తిరిగి ఇచ్చెయ్యాలి, బంతులు లేవు. అక్క ఎప్పుడూ మొదటి బేస్ వెనక మూడో వరసలో కూర్చుంటుంది, పాపని ఒళ్ళో పెట్టుకుని, కాగితం పొట్లంలో వేరుశెనక్కాయలతో, అంపైర్‌ని తిడుతూ. మూడో వరసలో అక్క లేదు. మొదటి ఇన్నింగ్స్‌లో చూశాడు, రాలేదు, ఆలస్యంగా వస్తుందనుకున్నాడు, మూడో ఇన్నింగ్స్‌లో చూశాడు, ఇప్పుడు చూస్తున్నాడు, ఆ చోటులో ఎవరో లావుపాటి ఆయన తొడలు చాపుకుని కూర్చున్నాడు.

రన్నర్ని ఆపడం ఎవేలియోకి నేర్పింది ఏ కోచ్ కాదు, సొరాయిదా అక్క. చేపల రేవు వెనక సందులో, చింకి గుడ్డ చుట్టిన కార్కు బంతితో. అమ్మ పోయాక ఇల్లు అక్కదే, సందు కూడా అక్కదే. చెప్పుల్లేకుండా పరిగెత్తేది, ఎవేలియో చేతిలో బంతి ఉన్నా, కళ్ళు ఆవిడ మీదే ఉన్నా, ఎలాగో రెండో రాయి మీదికి చేరిపోయేది. ఆవిడ పద్ధతి వేరు. పిచర్ ఏమరుపాటుగా ఉన్నప్పుడు పోయేది కాదు, వాడు అప్పుడే మొదటి బేస్‌కి విసిరి, బాగా బెదిరించాను ఇక కదలదులే అనుకున్నప్పుడు పోయేది. ఇప్పుడు పోతే పిచ్చిదవుతుంది అని అందరూ అనుకునే క్షణం ఏదుందో అది ఆవిడది. ఎవేలియో చాలాకాలం ఏడ్చి, ఏడుపు మానేసి, ఆవిణ్ణి చదవడం మొదలెట్టాడు. వాగుడుకాయ, పొద్దున్నుంచి రాత్రిదాకా నోరు మూతపడదు, కానీ పరుగుకి ముందు మాట ఆగిపోతుంది. గాలి ఆగినట్టు ఆగిపోతుంది. ఆ సంగతి కనిపెట్టిన రోజు ఆవిణ్ణి మొదటిసారి పట్టుకున్నాడు, ఆవిడ మట్టిలో పడి మోచేయి చీరుకుని నవ్వుతూనే ఉంది, ఎలా తెలిసిందిరా నీకు, చెప్పరా, ఎలా తెలిసింది. చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఇవాళ పొద్దున్న అక్క ఇంటికొచ్చింది. చంకలో కోడి, గుడ్లు పెట్టే కోడి, నిరుడు పస్తులున్న రోజుల్లో కూడా కోసుకోని కోడి. బట్టతాడుతో కాళ్ళు కట్టి తెచ్చి వంటింట్లో పెట్టింది. కొన్నాళ్ళు నీ దగ్గర ఉంచరా అంది. ఎందుకక్కా అంటే, పక్కింటి కుక్క అంది. శెనగలు కలిపి వేయించిన కాఫీ పొడి కొంచెం ఉంటే కాచి ఇచ్చాడు, తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. అతని చొక్కా బొత్తాం వదులుగా ఉంటే అక్కడే నిలబెట్టి సూదీ దారం తీసి కుట్టింది, పళ్ళతో దారం కొరికింది. పాప లియానా కోడి దగ్గర కూర్చుని దానికి ఏదో చెబుతోంది. అక్క ఒక్క మాట మాట్లాడలేదు. ఆట ఉంది కదా, నన్ను కదిలించకూడదని ఊరుకుంది అనుకున్నాడు, ఎంత వెధవనీ, పొద్దున్నే నా కళ్ళెదుట అంతసేపు నోరు మూసుకుని కూర్చుంటే చూడలేకపోయాను.

గ్లౌజులో బంతి తడిసిపోయింది. క్యాచర్ పావోన్ వేళ్ళతో సైగ చేస్తున్నాడు, లోపలికి, తక్కువ ఎత్తులో, వెయ్యి. వెయ్యలేదు. మొదటి బేస్ వైపు చూశాడు. బావది చక్కెర మిల్లులో ట్రాక్టర్ల షెడ్డు, పంక్చర్లు వేసే పని. పోయిన నెల నుంచి షెడ్డులో పాత ట్యూబులు కనబడట్లేదని మిల్లులో అందరూ అంటున్నారు, బావ కూడా అన్నాడు, దొంగలెక్కువయ్యారు బామ్మర్దీ అని, నవ్వి. ట్రాక్టర్ వెనక చక్రం ట్యూబు మీద ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. రెండింటిని గుడ్డతో చుట్టి మధ్యలో పలక కడితే తెప్ప. ఉత్తరంగా, ఆ నూనెనీళ్ళ మీదుగా, అవతలి దేశం ఒడ్డుదాకా తొంభై మైళ్ళు. సరుగుడు చెట్ల పైన, నీళ్ళకీ ఆకాశానికీ మధ్య వాయవ్యంలో ఒక సన్నటి గీత కనబడుతోంది, నీలం కాదు, నలుపు కాదు, సీసం రంగు. మధ్యాహ్నం ఆ గీత లేదు. అది ఉత్తరపు గాలి. ఇప్పుడీ దక్షిణం గాలి దాన్ని రమ్మని పిలుస్తోంది, నాన్న అనేవాడు, తలుపు తెరిచి పట్టుకుని నిలబడినట్టు. అది వచ్చాక మూడురోజులు సముద్రం మనుషుల్ని దగ్గరికి రానివ్వదు. మిల్లువాడు ఒరేస్తెస్‌కి ఏం తెలుసు, వాడికి సముద్రమంటే ఆదివారం. కానీ అక్కకి తెలుసు. తెలిసే వెళ్తోంది. దాటేవాళ్ళని పట్టుకునే కాపలా పడవలు ఇలాంటి రోజు రేవులోకి వచ్చేస్తాయి, దక్షిణం గాలి తోస్తుంది, ఇప్పుడు పోతే పిచ్చిదవుతుంది అని అందరూ అనుకునే రోజు. గాలి తెల్లవారేసరికి తిరుగుతుందని లెక్కేసుకుని ఉంటుంది. తిరిగేసరికి నడిసముద్రంలో ఉంటారు. ఒళ్ళో నాలుగేళ్ళ పాప.

మళ్ళీ విసిరాడు. ఈసారి గట్టిగా. యోవాంద్రి బోర్లాపడి చేత్తో బేస్ పట్టుకున్నాడు, లేచి మట్టి ఉమ్మాడు. ఒరేస్తెస్ గ్లౌజులో బంతి చప్పుడు స్టాండంతా వినబడింది. బావ తల ఇటు తిప్పాడు, మొదటిసారి, సూటిగా. వెళ్ళకు బావా. మళ్ళీ విసిరాడు. పాపని తీసుకెళ్ళకు. మళ్ళీ.

"ఒరే ఎవేలియో, బ్యాటర్ అటున్నాడురా, కళ్ళద్దాలు తెమ్మంటావా?" స్టాండులోంచి ఎవరో. "వెయ్యరా నాయనా, చెరుకు కోతలకి వెళ్ళాలి," ఇంకెవరో. పావోన్ ముసుగు పైకెత్తి చేతులు చాపాడు, ఏంట్రా నీ గోల అన్నట్టు. యోవాంద్రి ఒంటికి అంటిన మట్టి చూసుకుని, "ఉతుకు సబ్బు నువ్వే ఇప్పించాలన్నా, ఇంట్లో రెండునెలల నుంచి లేదు," అన్నాడు. ఎవేలియోకి నవ్వు రాలేదు.

ఒరేస్తెస్ ఈసారి బంతి విసర్లేదు. చేత్తో పట్టుకుని, మట్టి తుడుస్తున్నట్టు తొడకి రుద్దుకుంటూ దిబ్బ దగ్గరికి నడిచొచ్చాడు. గ్లౌజు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏమైంది బామ్మర్దీ నీకు, చెయ్యి ఊడొస్తుంది. వాణ్ణి వదిలేసి బ్యాటర్‌ని చూడు."

"అక్క ఏది?"

"ఇంట్లో ఉంది. పాపకి జలుబు."

"కోడిని నాకిచ్చింది బావా."

ఒరేస్తెస్ బంతిని అతని గ్లౌజులో పెట్టాడు. చెయ్యి వెంటనే తియ్యలేదు.

"ఉత్తరం గాలి వస్తోంది," అన్నాడు ఎవేలియో. "తెల్లారేదాకా ఆగదు. నా మాట విను."

"మీ అక్కకి తెలుసు," అన్నాడు ఒరేస్తెస్. అంతలోనే ఆ మాట అన్నందుకు ముఖం మాడ్చుకున్నాడు. "నా వైపు విసరకు ఇంక. అసలు చూడనే చూడకు. ఆయన చూస్తున్నాడు."

వెళ్ళిపోయాడు. ఎవేలియో బంతిని వేళ్ళమధ్య తిప్పుతూ, కుట్లు తడుముకుంటూ, తల ఎత్తకుండా కళ్ళతోనే అటు చూశాడు. బెంచీ పక్కన నీడలో ఎప్పుడూ ఒక ఇనుపకుర్చీ ఉంటుంది, అందులో అల్మగేర్. క్రీడా సంఘం మనిషి, పేరుకి. ఆటగాళ్ళకి బూట్లు వచ్చాయా, బస్సు వచ్చిందా చూస్తాడు, ఎవడి ఇంటికి ఎవరొస్తున్నారో కూడా చూసి పోలీసులకి చేరేస్తాడు. నిరుడు దేశం దాటబోయి పడవలో పట్టుబడ్డ రెండో బేస్ కుర్రాడు జైలు నుంచి తిరిగొచ్చాక చెరుకు బండి తోలుతున్నాడు, ఆట దారినే రాడు, పలకరిస్తే నేల చూస్తాడు. అల్మగేర్ ఎప్పుడూ బ్యాటర్ వైపే చూస్తూ కూర్చుంటాడు, ఆటంటే నిజంగానే ఇష్టం ఆయనకి. ఇప్పుడు కుర్చీ కొంచెం పక్కకి జరిగి ఉంది. ఆయన చూపు మొదటి బేస్ మీద ఉంది. ఎందుకుంది, ఆయనకి ఎవరు చెప్పారు. ఎవరూ చెప్పలేదు. నేనే. పిచర్ ఎటు చూస్తే జనం అటు చూస్తారు. ఇంతసేపూ నేను వేలు పెట్టి చూపిస్తూనే ఉన్నాను, వీణ్ణి చూడండి, వీడు పోతున్నాడు, వీణ్ణి చూడండి.

బంతి గ్లౌజులో పెట్టి నిశ్చలంగా నిలబడ్డాడు. ఆ కుర్చీ దగ్గరికి నడిచివెళ్ళి ఒక్కమాట చెప్తే చాలు. ఒరేస్తెస్‌ని తీసుకెళ్తారు. అక్కని కూడా తీసుకెళ్తారేమో, పాప తన దగ్గరుంటుంది, కోడితోపాటు. ముగ్గురూ బతికుంటారు. చెరుకు బండి తోలేవాడు కూడా బతికే ఉన్నాడు. అక్క నేల చూస్తూ బతుకుతుంది. అక్క. ఎలా తెలిసిందిరా నీకు, చెప్పరా. చెప్పకుండా చూస్తూ ఊరుకుంటే రేపు తెల్లవారి ఆ సీసంరంగు కింద, నీళ్ళలో, పాప నోట్లో ఉప్పునీళ్ళు. లేదా దాటేస్తారు. దాటినవాళ్ళు లేరా, ఉన్నారు. లెక్కేసింది అక్క కదా, నేనెప్పుడైనా ఆవిణ్ణి లెక్కలో గెలిచానా. నిలబడ్డాడు. స్టాండు మాటలు మానేసింది. యోవాంద్రి తొడలు వణకడం మొదలయ్యాయి, అది కంటి చివర కనబడుతోంది. కంటి చివర మాత్రమే, అటు చూడట్లేదు. బ్యాటర్ విసుక్కుని ఆట ఆపమని చెయ్యెత్తబోయాడు. అప్పుడు ఎవేలియో మొదటి బేస్ వైపు ఒక్కసారి కూడా చూడకుండా, మోకాలు ఎత్తుగా, నిదానంగా, ప్రపంచంలో రన్నర్లే లేనట్టు లేపి, బ్యాటర్‌కి వేశాడు.

మోకాలు పూర్తిగా లేవకముందే యోవాంద్రి పరుగు చప్పుడు వినబడింది. పావోన్ లేచి విసిరాడు, చాలా ఆలస్యం. దుమ్ము లేచింది, అంపైర్ చేతులు పక్కకి చాపాడు, చేరిపోయాడని. స్టాండులో ఒక్కడు కూడా అరవలేదు, అసలు ఏం జరిగిందో వాళ్ళకి నమ్మకం కుదరలేదు. రెండో బేస్ మీద నిలబడి యోవాంద్రి కూడా నవ్వడం మర్చిపోయి ఇటే చూస్తున్నాడు, తన జేబులో ఎవరో ఏదో పెట్టినట్టు. మొదటి బేస్ దగ్గర ఇక ఆపాల్సినవాడు లేడు. ఒరేస్తెస్ బేస్ వదిలి వెనక్కి, తన మామూలు చోటికి జరిగాడు.

తర్వాతి బంతి బ్యాటర్ బాదాడు, యోవాంద్రి హోమ్ బేస్ చేరి పరుగు తీసేశాడు, ఇంకొకడు కూడా వచ్చాడు. ఎవేలియోని దింపి చేతిలోంచి బంతి తీసుకుంటూ మేనేజర్ భుజం తట్టాడు, జ్వరంగా ఉందేమో అని తెలుసుకోడానికన్నట్టు. మూడోవాణ్ణి ఇంకెవరో ఔట్ చేశారు. జట్టు బెంచీకి వస్తుంటే ఒరేస్తెస్ పొట్ట పట్టుకుని మేనేజర్‌తో ఏదో చెప్పాడు, మరుగుదొడ్డి వైపు నడిచాడు, అతని సైకిలు గుట్టలో లేకపోవడం ఎవేలియో కొంచెంసేపయ్యాక చూశాడు. తన వైపు తిరిగి చూడలేదు బావ. తిరగలేదు, మంచిదే, తిరిగి చూసేవాళ్ళు దొరికిపోతారు. చేతికి తడిగుడ్డ చుట్టుకుని బెంచీ చివర కూర్చున్నాడు. తన దగ్గర ఉన్నదల్లా ఇక ఊరుకోవడమే.

ఇనుపకుర్చీ నేల మీద రాసుకున్న చప్పుడు. అల్మగేర్ కుర్చీ లాక్కుని వచ్చి పక్కన వేసుకున్నాడు. సిగరెట్టు సగం విరిచి ఒక ముక్క ఇచ్చాడు. ఎవేలియో తీసుకున్నాడు, వెలిగించుకోలేదు.

"నీ మీద బేస్ కొట్టడం నేను కళ్ళారా చూడ్డం ఇదే మొదటిసారి," అన్నాడు అల్మగేర్.

"చెయ్యి అలిసిందండీ."

"చెయ్యి కాదు. నువ్వు వాడి వైపు చూళ్ళేదు." పొగ వదిలాడు. "మీ బావకి కడుపునొప్పంట."

"అవునండీ."

ఆయన ఆట చూస్తున్నాడు. ఎనిమిదో ఇన్నింగ్స్ మొదలైంది, మొదటి బేస్ దగ్గర ఒక కొత్తవాడు గ్లౌజు సర్దుకుంటున్నాడు. "రేడియోలో ఉత్తరం గాలి రేపు మధ్యాహ్నానికి అన్నారు," అన్నాడు అల్మగేర్, తనలో తను అనుకుంటున్నట్టు. "మా పడవలన్నీ పొద్దున్నే ఒడ్డుకి లాగేశారు. ఇవాళ రాత్రి మాకు పనుండదు. ఇలాంటి రోజు పోయేవాళ్ళ వెంట మేం పడం, సముద్రమే చూసుకుంటుంది." ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం ఎవేలియోకి తెలిసిన ఊరుకోవడమే, తొడలు బరువెక్కేదాకా పట్టుకునే ఉండటం. ఏదో ఒకటి మాట్లాడాలి, యోవాంద్రి గురించి, సబ్బు గురించి. నోరు తెరిచాడు, అప్పుడే గాలి ఆగిపోయింది.

ముందు జెండా. సెంటర్ ఫీల్డ్ వెనక కొయ్యకి మధ్యాహ్నమంతా సముద్రం వైపు రెపరెపలాడిన జెండా చచ్చినట్టు వేలాడింది. స్టాండులో మాటలు హఠాత్తుగా పెద్దగా వినబడ్డాయి. సరుగుడు చెట్లు ఈల ఆపేశాయి. తెల్లవారేసరికి కదా, అక్క లెక్క తెల్లవారేసరికి కదా. చెట్ల సందుల్లో సీసంరంగు సగం ఆకాశానికి ఎక్కి ఉంది, తను అటు చూడకుండా ఉన్నంతసేపూ అది వస్తూనే ఉంది. ఇంకొంచెంసేపటికి మొదటి చల్లటి ఊపు వచ్చింది, ఎదురునుంచి, స్టాండులో కాగితం పొట్లాలన్నీ ఎగిరి మైదానంలోకి వచ్చి పడ్డాయి, ఆడవాళ్ళు జుట్టు పట్టుకున్నారు, మొదటి బేస్ దగ్గర కొత్తవాడి టోపీ ఎగిరిపోయింది. మసకపడ్డాక బయల్దేరదామనుకుని ఉంటారు. అక్కకి ఆగడం చేతకాదు. బావ సైకిలు చేరిన నిమిషమే బయల్దేరితే ఈపాటికి నీళ్ళలో ఉంటారు, నేల ఇంకా కనబడుతూనే ఉంటుంది, ఈ గాలికి ఎదురు తెడ్డు వెయ్యలేరు, పగడపు రాళ్ళ మీదికి కొడుతుంది. పాపకి తేలడం రాదు. పాపకి ఈత నేర్పుతాను నేర్పుతానని రెండు వేసవులు చెప్పాడు. ఇప్పుడే ఎవరైనా పడవ దించితే. ఇప్పుడే.

"ఉప్పుమళ్ళ వెనక," అన్నాడు. తన గొంతు తనకే వినబడలేదు, మళ్ళీ అన్నాడు. "పాత ఉప్పుమళ్ళ వెనక, మడచెట్ల దగ్గర. మా నాన్న పడవ కట్టేసే చోటు. ఇంకెక్కడికీ వెళ్ళదు మా అక్క."

అల్మగేర్ సిగరెట్టు చివరిదాకా పీల్చాడు. "ఎందరు?"

"ముగ్గురు. చిన్నపిల్ల ఉందండీ. పడవ పంపించండి అల్మగేర్ గారూ, ఏమన్నా చెయ్యండి తర్వాత, ముందు పడవ పంపండి."

"పడవలన్నీ ఒడ్డుకి లాగేశారని ఇందాకే చెప్పాను కదా ఎవేలియో," అన్నాడాయన, కోపం లేకుండా. సిగరెట్టు బూటు కింద నలిపి, కుర్చీ మడిచి గోడకి ఆనించి, గేటు పక్క గదిలో టెలిఫోను దగ్గరికి నడిచాడు.

ఎవరి సైకిలో తెలియదు, గుట్టలోంచి లాగి ఎక్కాడు. బూట్ల కింది ఇనుప మేకులు పెడళ్ళ మీంచి జారుతున్నాయి. ఉప్పుమళ్ళ దారి తిన్నగా ఉత్తరానికి, గాలి ముఖాన్ని రెండు చేతుల్తో వెనక్కి నెడుతోంది, నోట్లో ఇసుక, కళ్ళలో నీళ్ళు, అవి గాలికి వచ్చినవో మరెందుకు వచ్చినవో. సముద్రం అరుపు వినబడుతోంది, ఇంకా కనబడక ముందే. చీకటి పడలేదు కానీ వెలుగు గోధుమరంగులోకి తిరిగింది. నీళ్ళలో చూస్తే ఏం కనబడాలి, నల్లటి ట్యూబు కనబడాలి, ట్యూబు మాత్రమే కనబడితే, వద్దు, తొక్కు, అక్క ఎరుపు గౌను వేసుకుంది పొద్దున్న, ఎరుపు దూరానికి కనబడుతుంది, తొక్కు. దేవుడికి ఏవేవో మొక్కుకున్నాడు. అందులో సగం దేవుడికి అక్కర్లేనివి.

దారిలో, ఇంకా సముద్రం రాకముందే, ఏదో ఎర్రగా కదిలింది.

నడిచి వస్తున్నారు. ముందు అక్క, గౌను గాలికి కాళ్ళకి చుట్టుకుపోతుంటే తిట్టుకుంటూ. వెనక ఒరేస్తెస్ సైకిలు తోసుకుంటూ, సైకిలు కడ్డీ మీద పాప, జట్టు చొక్కాలో మూట కట్టినట్టు, చేతిలో రొట్టెముక్క. ఎవరి బట్టలూ తడవలేదు. ఎవేలియో సైకిలు ఎక్కడ పడేశాడో తెలియదు, దారి మధ్యలో నిలబడిపోయాడు.

"నువ్వేంట్రా ఇక్కడ, ఆట అయిపోయిందా? ఓడిపోయారా?" అంది సొరాయిదా దూరంనుంచే. దగ్గరికొచ్చి అతని ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఏడవకు. వెళ్ళలేదు. ఒడ్డున కూర్చున్నాం, గాలి పడిపోయింది, పడిపోగానే నాకర్థమైంది. వద్దన్నాను. మీ బావ ఇందాకటి నుంచి గొణుగుతూనే ఉన్నాడు. వేసవిలో చూద్దాం. ట్యూబులు మడచెట్లలో దాచేశాం, ఎవరూ చూళ్ళేదు. నీకు తెలుసని మీ బావ చెప్పాడు, నువ్వు తప్ప ఎవరికీ తెలియదు."

"బామ్మర్దీ, నా చోట్లో ఎవణ్ణి పెట్టారు?" అన్నాడు ఒరేస్తెస్, సిగ్గుపడుతున్నట్టు. పాప రొట్టెముక్క మామయ్య వైపు చాపింది.

ఎవేలియో అక్క చెయ్యి పట్టుకున్నాడు. మడచెట్లలోకి వెళ్ళండి, పరిగెత్తండి, అన్నీ నోటిదాకా వచ్చాయి, ఏదీ మాట అవలేదు. అక్క అతని భుజం మీదుగా ఊరి వైపు చూస్తోంది. గోధుమరంగు వెలుగులో అటునుంచి రెండు దీపాలు వస్తున్నాయి, గతుకుల్లో పడుతూ లేస్తూ.

"మిల్లు బండిలా ఉంది," అంది సొరాయిదా. "పాపకి చలేస్తోంది, ఎక్కించుకుంటారేమో అడుగుదాం." తమ్ముడి చేతిలోంచి చెయ్యి విడిపించుకుని, దారి మధ్యకి నడిచి, బండి ఆపమని చెయ్యి పైకెత్తి ఊపింది. బండి నెమ్మదించింది.